పరీక్ష ఫలితం రాకముందే కాలనీవాసులకు చెప్పవచ్చా? నీళ్ల వల్ల వాంతులు, విరేచనాలు వ్యాపిస్తున్నప్పుడు ఏమని చెప్పాలి?

ప్రశ్న
కాలనీ కార్యదర్శి, మల్కాజిగిరి (మంగళవారం, రాత్రి 9.40)

మాది మల్కాజిగిరి వైపు సుమారు 160 ఇళ్లున్న కాలనీ. సంక్షేమ సంఘానికి నేను రెండేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి; వైద్యంతో నాకు ఏ పరిచయమూ లేదు. ఈ నాలుగు రోజుల్లో జరిగినది ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను, తెలిసినవారు దయచేసి దారి చూపండి.

శనివారం సాయంత్రం రెండో వీధిలో ముగ్గురు పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆదివారం మధ్యాహ్నానికి ఆ సంఖ్య 9 అయింది, సోమవారం రాత్రికి 14, ఈ రాత్రికి 17. మాకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. శుక్రవారం వచ్చిన నీళ్లలో మొదటి పది నిమిషాలు మురుగు వాసన వచ్చిందని ఆదివారం నాటికే నలుగురు నాతో చెప్పారు. అదే రోజు సాయంత్రం కార్యవర్గం సమావేశమైంది. నీళ్లు కాచి తాగమని అందరికీ చెబుదామని నేను ప్రతిపాదించాను. రుజువు లేకుండా చెబితే జనం బెదిరిపోతారని, 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే ఊరు ఊరంతా రైళ్లెక్కిందని మా సభ్యుల్లో పెద్దాయన ఒకరు గుర్తుచేశారు. నమూనా పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక చెప్పాలని తీర్మానించాం. సోమవారం ఉదయం నమూనా వెళ్లింది. ఫలితం బుధవారం వస్తుందన్నారు.

సోమవారం రాత్రి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరిదో తెలియని గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ తిరగడం మొదలైంది. ఇది కలరా అనీ, ఇద్దరు చనిపోయారనీ, సంఘంవాళ్లు దాస్తున్నారనీ అందులో ఉంది. ఎవరూ చనిపోలేదు. కొద్దిసేపటికి మరొకటి వచ్చింది. కాలనీ చివర అపార్ట్‌మెంటు కడుతున్న కూలీల షెడ్ల నుండే ఈ రోగం వచ్చిందట. ఈ ఉదయం ఆ షెడ్ల ఆడవాళ్లు నీళ్లు పట్టుకోవడానికి వస్తే నల్లా దగ్గర నిలువనివ్వలేదు. కిరాణా కొట్టులో సరుకులు కూడా దూరం నుండే విసిరినట్టు ఇచ్చారని తెలిసింది.

అప్పుడు నేను గ్రూపులో ఇలా రాశాను: "ఎవరూ ఆందోళన చెందవలసిన అవసరం లేదు. పరిస్థితి అదుపులో ఉంది. వదంతులను నమ్మవద్దు." దానికి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మూడో వీధిలో ఒక పెద్దావిడ ఒంట్లో నీరు తగ్గిపోయి ఈ మధ్యాహ్నం ఆసుపత్రిలో చేరారు, ప్రాణాపాయం లేదన్నారు. ఆమె కుమారుడు మా ఇంటికి వచ్చి, "మీకు ఆదివారమే తెలుసు కదండీ, ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మకు కాచిన నీళ్లు ఇచ్చేవాళ్లం కదా" అన్నాడు. నాకు సమాధానం దొరకలేదు.

నేను అడగదలచినది ఇది. రుజువు లేకుండా ఎంతవరకు చెప్పవచ్చు? పుకారును ఖండించాలంటే దాన్ని మళ్లీ చెప్పక తప్పదా? ఆ కూలీల కుటుంబాల విషయంలో నేను ఏం చేయాలి?


సమాధానం 1
విశ్రాంత ఆరోగ్య బోధకుడు, నల్లకుంట (మంగళవారం, రాత్రి 10.25)

కార్యదర్శి గారూ, నా సమాధానం చివరి వరకు చదివాక పంపుదామని ఆగకండి. కింద ఒక సందేశం రాశాను. ముందు అంకెలు సరిచూసుకుని దాన్ని పంపించండి, తరువాత తీరిగ్గా మిగిలినది చదవండి. ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు నల్లా నీళ్లు తాగుతూనే ఉంటారు.

"మన కాలనీలో శనివారం నుండి ఈ రాత్రి వరకు 17 మందికి వాంతులు, విరేచనాలు అయ్యాయి. ఒకరు ఆసుపత్రిలో కోలుకుంటున్నారు. ఎవరూ మరణించలేదు. శుక్రవారం వచ్చిన నల్లా నీళ్లు కలుషితమై ఉండవచ్చని అనుమానిస్తున్నాం; ఇంకా నిర్ధారణ కాలేదు, పరీక్ష ఫలితం రేపు వస్తుంది. అంతవరకు తాగడానికి, పళ్లు తోముకోవడానికి, పచ్చిగా తినేవి కడగడానికి మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి. విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ప్యాకెట్లు సంఘం కార్యాలయంలో ఈ రాత్రి నుండే ఉచితంగా దొరుకుతాయి. ఈ మాట ఆదివారమే చెప్పవలసింది, మేము చెప్పలేదు; అందుకు క్షమించమని కోరుతున్నాం. రేపు ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు మళ్లీ సమాచారం ఇస్తాం. కొత్త విషయం ఏదీ లేకపోతే లేదనే చెబుతాం."

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. మీ కార్యవర్గం రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేసింది. ఈ రోగం ఏమిటన్నది ఒక ప్రశ్న. దానికి ప్రయోగశాలే సమాధానం చెప్పాలి. ఈ రాత్రి మేము ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. దానికి ప్రయోగశాల అక్కరలేదు. నీళ్లు కాచి తాగమన్నాక ఫలితంలో నీళ్లు శుభ్రంగా ఉన్నాయని తేలితే నష్టపోయేది కాస్త గ్యాసు, అరగంట సమయం. చెప్పకుండా ఉండి నీళ్లు చెడ్డవని తేలితే పోయేదేమిటో ఆ పెద్దావిడ కుమారుడు మీకు చెప్పాడు. ఈ రెండు నష్టాలను తూకం వేస్తే, ఆదివారం సాయంత్రానికే తొమ్మిది మంది రోగులు, నలుగురు చెప్పిన మురుగు వాసన చాలినంత ఆధారం.

1854లో లండన్‌లోని బ్రాడ్ వీధిలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్ల వివరాలు సేకరించి, వాటిలో దాదాపు అన్నీ ఒకే నీటి పంపు దగ్గర ఉన్నాయని చూపించాడు. స్థానిక పాలకులు ఆ పంపు పిడి తీయించారు. కలరాకు కారణమైన క్రిమిని రాబర్ట్ కోక్ గుర్తించి లోకానికి చూపించినది ఆ తరువాత 30 ఏళ్లకు. క్రిమి పేరు తెలిసేదాకా పిడి తీయకూడదని ఎవరైనా అని ఉంటే ఏమై ఉండేదో మీ కార్యవర్గం ముందు ఈ ఉదాహరణ పెట్టి అడగండి.

సూరత్ సంగతి. 1994 సెప్టెంబరులో లక్షల మంది ఆ నగరం విడిచి వెళ్లిన మాట నిజమే. వార్త తెలియడం వల్ల వాళ్లు వెళ్లిపోయారన్నది మాత్రం సగం నిజమేనని నా అభిప్రాయం. ఉన్నచోటనే ఉండి ఏం చేయాలో, ఏ మందు ఎక్కడ దొరుకుతుందో, ఎవరి మాట నమ్మాలో తెలియని మనిషికి రైల్వే స్టేషన్ ఒక్కటే తెలిసిన దారి. భయం ఉన్న మనిషి చేతికి ఒక పని ఇస్తే ఆ భయం జాగ్రత్తగా మారుతుంది. పని ఇవ్వకుండా భయపడవద్దని మాత్రం చెబితే, ఏదో ఉందన్న అనుమానం బలపడుతుంది. మీ సందేశంలో మూడు వాక్యాలున్నాయి. మూడింటిలో ఒక్క దానిలోనూ చదివినవాడు చేయగలిగిన పని లేదు. పైగా "పరిస్థితి అదుపులో ఉంది" అని రాసిన రోజే ఒకరు ఆసుపత్రిలో చేరారు. ఆ వాక్యం తరువాత మీరు ఎంత నిజం చెప్పినా సగం మందే నమ్ముతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో సింగపూర్‌లో నిపుణులను సమావేశపరచి, 2005లో వ్యాధి ప్రబలినప్పుడు ప్రజలతో ఎలా మాట్లాడాలన్న దానిపై మార్గదర్శకాలు వెలువరించింది. ప్రజల నమ్మకం, త్వరగా ప్రకటించడం, దాచకపోవడం, ప్రజల భయాలను తెలుసుకోవడం, ముందుగా సిద్ధమై ఉండటం అన్నవి వాటి సారం. 2003 నాటి సార్స్ అంటువ్యాధి తరువాత ఈ మాటలు పుస్తకాలకెక్కాయి గాని, చాటింపు వేసే మనిషి వీధి చివర నిలబడి డప్పు కొట్టి "ఫలానా చెరువు నీళ్లు తాగకండహో" అన్న రోజుల్లోనూ పద్ధతి ఇదే. కారణం తేలేదాకా డప్పు ఆగేది కాదు.

ఇంకొక పని. నీటిలో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టదు. చిన్న కిట్టులోని మందు కొన్ని చుక్కలు నీటిలో వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నీళ్లు వచ్చే రోజున మీ లైన్‌మన్‌ను పిలిపించి నాలుగు వీధుల్లో నలుగురి కళ్ల ముందు ఈ పరీక్ష చేయించండి. రంగు రాకపోతే, ప్రయోగశాల ఫలితం కన్నా ముందే మీరు జనానికి చెప్పగలిగిన నిజం ఒకటి దొరికినట్టు.


సమాధానం 2
పిల్లల వైద్యురాలు, తార్నాక (బుధవారం, ఉదయం 6.15)

పై పెద్దలు చెప్పిన దానితో దాదాపుగా ఏకీభవిస్తున్నాను. సందేశం వరుస విషయంలో మాత్రం నా అనుభవం వేరు. అర్ధరాత్రి పిల్లవాడు నాలుగోసారి వాంతి చేసుకున్నప్పుడు తల్లి ఫోను తెరిస్తే ఆమె చదివేది మొదటి రెండు వాక్యాలే. ఆ రెండింటిలో ఉండవలసినవి అంకెలు కావు. "నీళ్లు మరిగించి చల్లార్చి తాగండి. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అన్నవి ముందుకు రావాలి, ఎందుకు, ఎంతమందికి, ఎప్పటి నుండి అన్నవి తరువాత చదువుకుంటారు. క్షమాపణ వేరే సందేశంగా ఉంటేనే దానికి విలువ.

అలాగే మనం రాసే మాట వినేవారికి ఏ అర్థంలో చేరుతుందో చూసుకోవాలి. "కాచిన నీళ్లు" అంటే మా క్లినిక్‌కు వచ్చే వారిలో చాలామందికి గోరువెచ్చని నీళ్లే. కనుక గిన్నెలో నీళ్లు పెద్ద బుడగలతో తెర్లడం మొదలైన తరువాత కనీసం ఒక నిమిషం అలాగే ఉంచి దించమని, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చమని, చేయి ముంచకుండా గరిటెతో తీసుకోమని రాయండి. "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అంటే గ్లాసులో ప్యాకెట్ మొత్తం కలిపినవారిని చూశాను. అందువల్ల పెద్ద ప్యాకెట్ ఒక్కటి ఒక లీటరు నీటిలో, కొద్దికొద్దిగా, 24 గంటల్లోపు వాడి మిగిలినది పారబోయాలి అని రాయండి. దుకాణంలో అట్టపెట్టెల్లో దొరికే తియ్యని పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. పిల్లలకు జింకు మాత్రలు వైద్యుల సలహాతో 14 రోజులు వాడాలి. విరేచనాలు ఆగగానే మానేయకూడదు. విరేచనాలు వెంటనే కట్టేసే మాత్రలు పిల్లలకు ఇవ్వవద్దని కూడా చెప్పండి.

ఇంట్లో ఆర్‌వో యంత్రం ఉన్నవారు ఈ సందేశం తమకు కాదనుకుంటారు. వాళ్లూ పళ్లు నల్లా నీళ్లతోనే తోముకుంటారు, కొత్తిమీర, టమాటా ఆ నీళ్లతోనే కడుగుతారు. వాళ్లను ఉద్దేశించి ఒక వాక్యం ప్రత్యేకంగా రాయవలసిందే.

ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలో చెప్పని సందేశం అసంపూర్ణం. ఏమీ తాగలేకపోవడం, తాగినదంతా వాంతి కావడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, కళ్లు లోపలికి పోవడం, మగతగా పడి ఉండటం, మలంలో రక్తం కనిపించడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా చూడకుండా తీసుకువెళ్లమనండి.

ఇక అందరూ మరచిపోయే విషయం. నీళ్లలో మురుగు కలిసినప్పుడు విరేచనాలు రెండు మూడు రోజుల్లో బయటపడతాయి గాని, అదే నీటితో వచ్చే కామెర్లు వెంటనే కనిపించవు. హెపటైటిస్ ఎ, ఇ రకాలు బయటపడటానికి రెండు వారాల నుండి ఎనిమిది వారాల దాకా పట్టవచ్చు. ఇ రకం గర్భిణులకు, ముఖ్యంగా ఆఖరి నెలల్లో, ప్రాణాంతకం కావచ్చు. పైపు బాగుచేశారు కదా, గండం గడిచిందని వచ్చే వారం మీరు ప్రకటిస్తే, నెల తరువాత ఎవరికైనా కళ్లు పచ్చబడినప్పుడు మీరు అబద్ధం చెప్పారనే అనుకుంటారు. కనుక ఇప్పుడే, భయపెట్టకుండా, రాబోయే రెండు నెలలు అన్నం సయించకపోవడం, మూత్రం ముదురు పసుపు రావడం వంటివి కనిపిస్తే చూపించుకోవాలని చెప్పి పెట్టండి. మీ కాలనీలో గర్భిణులు ఎవరున్నారో మీ ప్రాంతపు ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తకు (ఏఎన్ఎం) తెలిసే ఉంటుంది. వాళ్లకు ఇంటికి వెళ్లి నేరుగా చెప్పించండి.


సమాధానం 3
ఆశా కార్యకర్త, అంబర్‌పేట (బుధవారం, ఉదయం 11.50)

అన్నగారూ, మీరందరూ వాట్సాప్ సందేశం గురించే రాశారు. మీ కాలనీలో వాట్సాప్ లేనివారు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క వేయండి. మీట నొక్కే ఫోను వాడే పెద్దవారు, ఫోను భర్త దగ్గరే ఉండే కోడళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు, ఆ షెడ్లలోని కూలీలు. నీళ్లు పట్టేది, వంట చేసేది, గిన్నెలు తోమేది వీరే. వీరికి చేరని మాట చెప్పనట్టే.

రోజూ పొద్దున చెత్త ఆటో మీ వీధులన్నీ తిరుగుతుంది. దానికి మైకు ఉంటుంది. డ్రైవరును బతిమాలి, పాట ఆపి మీ మాట వేయించండి. దగ్గరలో గుడి, మసీదు ఉంటే అక్కడి పెద్దలను అడగండి. ఇళ్లలో పనిచేసే నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి పది నిమిషాలు చెబితే మధ్యాహ్నానికి నలభై ఇళ్లకు వెళుతుంది. చెప్పాక, "నేను చెప్పింది మీరు ఇంట్లో ఎలా చెబుతారో ఒకసారి నాకు చెప్పండి" అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పేటప్పుడు మన తప్పు మనకు వినబడుతుంది.

2016 జూన్‌లో మా అంబర్‌పేట మురుగునీటి నమూనాలో పోలియో వైరస్ రెండో రకం కనబడిందని తెలిసిన వారం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏ బిడ్డకూ పోలియో రాలేదు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. అయినా టీవీల్లో పోలియో తిరిగి వచ్చిందని రోజంతా తిప్పారు. జూన్ 20 నుండి నగరంలో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు సూది వేయాలని నిర్ణయించి మమ్మల్ని ఇంటింటికీ పంపారు. ప్రతి గడపలోనూ రెండు ప్రశ్నలే. రోగం ఎవరికీ లేకపోతే సూది ఎందుకు? ఇన్నేళ్లు చుక్కలు వేసి, ఇప్పుడు చుక్కలు మాని సూది ఎందుకు?

మొదటి రోజు నేను, "పైనుండి ఆదేశం వచ్చిందమ్మా, వేయించుకోండి" అన్నాను. తలుపులు మూసుకున్నారు. రెండో రోజు మా డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి అసలు సంగతి విప్పి చెప్పింది. ఏప్రిల్ దాకా వేసిన చుక్కల్లో రెండో రకం బలహీనపరచిన వైరస్ ఉండేది, దాన్ని ఏప్రిల్ 25 నుండి దేశమంతటా చుక్కల్లోంచి తీసేశారు, ఇప్పుడు మురుగులో కనబడినది ఆ రకానిదే, దాని నుండి కాపాడాలంటే చంపిన వైరస్‌తో చేసిన సూది మందు కావాలి. ఈ మాటలే నేను తెలుగులో, ఉర్దూలో మా బస్తీ మాటల్లో పెట్టుకుని, "మోరీలో పాము కనిపించింది, ఎవర్నీ కరవలేదు, కానీ పిల్లల కాళ్లకు చెప్పులు వేద్దాం" అని చెప్పాను. మూసిన తలుపులు చాలా వరకు తెరుచుకున్నాయి. చదువురాని తల్లికి కారణం అర్థం కాదని మనం అనుకోవడమే పొరపాటు. ఆమె అడుగుతున్నదే కారణం.

ఆ కూలీల గురించి. వాళ్ల మేస్త్రీతో మొదట మాట్లాడండి, వాళ్లు ఏ భాషవాళ్లో తెలుసుకోండి. ఒడియావాళ్లయితే వాళ్లలోనే ఒకరితో ఒడియాలో ఆ మాట రికార్డు చేయించి వాళ్ల ఫోన్లకు పంపించండి. వాళ్ల పిల్లల్లో ఎంతమందికి విరేచనాలు అయ్యాయో ఎవరైనా అడిగారా? మీ 17 మందిలో వాళ్లు ఉన్నారా, లేరా? నల్లా దగ్గరికి రానివ్వకపోతే వాళ్లు ఎక్కడి నీళ్లు తాగుతున్నారో కూడా చూడండి. ఈ రోజే వాళ్లకు రెండు క్యాన్ల మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ పంపించండి, మీరే స్వయంగా వెళ్లండి. నలుగురూ చూసేటట్టు ఆ షెడ్ల దగ్గర కూర్చుని చాయ్ తాగి రండి. గ్రూపులో పది సందేశాలు రాసినా అంత పని జరగదు.


సమాధానం 4
నగర విలేకరి, ముషీరాబాద్ (బుధవారం, మధ్యాహ్నం 3.30)

పుకారు గురించి మీరు అడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ నేరుగా సమాధానం ఇవ్వలేదు గనుక రాస్తున్నాను.

"ఇద్దరు చనిపోయారన్న మాట అబద్ధం" అని రాస్తే, సగం చదివినవారి మనసులో మిగిలేది "ఇద్దరు చనిపోయారు" అన్న ముక్కే. అందుకని నిజంతో మొదలుపెట్టాలి, నిజంతోనే ముగించాలి. "17 మందికి జబ్బు చేసింది, 16 మంది ఇంటి దగ్గరే కోలుకుంటున్నారు, ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరూ మరణించలేదు" అని రోజుకు రెండుసార్లు, ఒకే సమయానికి, ఒకే పద్ధతిలో రాయండి. ఆ వాయిస్ మెసేజ్‌ను ఖండించడానికైనా సరే మళ్లీ ఫార్వర్డ్ చేయవద్దు. కలరానా అని ఎవరైనా నేరుగా అడిగితే, కాదని తోసిపుచ్చకండి. అది మీకు తెలియదు కదా. "ఏ క్రిమి అన్నది ఇంకా తేలలేదు, ఏదైనా జాగ్రత్త ఇదే" అనండి.

మాటకన్నా చేసి చూపించిన పని ముందు నమ్మకం కలిగిస్తుందనడానికి మన నగరంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2020 ఫిబ్రవరిలో కోడి మాంసం తింటే కరోనా వస్తుందన్న ప్రచారంతో కోళ్ల రైతులు కుదేలైనప్పుడు, ఆ నెల చివరలో హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీదే చికెన్ తిని చూపించారు. ఏ వదంతిని ఏ పని ఎదుర్కొంటుందో ఎంచుకోవాలి. నీళ్ల విషయంలో మాత్రం పొరపాటున కూడా ఈ పద్ధతి వద్దు. నల్లా నీళ్లు తాగి చూపించి ధైర్యం చెప్పాలని మీ కార్యవర్గంలో ఎవరైనా అంటే వారించండి. మీరు చూపించవలసినది మీ ఇంటి పొయ్యి మీద తెర్లుతున్న గిన్నెను.

2009 మే నెలలో మా పక్కనే భోలక్‌పూర్‌లో తాగునీరు కలుషితమై పలువురు ప్రాణాలు కోల్పోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రోజుల్లో వీధుల్లో తిరిగినవాణ్ణి. నీళ్లు రంగు మారాయని, వాసన వస్తున్నాయని అక్కడి ఆడవాళ్లు ముందే గమనించిన సంగతి ప్రతి ఇంటా విన్నాను. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట, సరఫరా లేని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు. పైపుకు పగులు ఉండి పక్కన మురుగు కాలువ ఉంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది, మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటగా వచ్చేది అదే. మీ కాలనీలో పది నిమిషాల వాసనకు అర్థం ఇదే కావచ్చు. ముక్కు చెప్పిన సాక్ష్యాన్ని తక్కువ చేయకండి. ఎవరి ఇంట్లో ఎప్పుడు వాసన వచ్చిందో వీధుల వారీగా రాయించి జలమండలి వారికి ఇవ్వండి. వాళ్లు పైపు ఎక్కడ తవ్వాలో దాన్ని బట్టి తెలియవచ్చు.

కూలీల షెడ్ల సంగతి నాకు వ్యక్తిగతంగా బాధ కలిగించింది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక పత్రికలో, ఒక జ్వరం వార్తకు బస్తీ పేరు పెట్టి పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టాం. జ్వరం మూడు వారాల్లో తగ్గింది. ఆ బస్తీ ఆడవాళ్లను పనిలోంచి తీసేసిన ఇళ్లవాళ్లు మాత్రం నెలల తరబడి తిరిగి పిలవలేదు. ఆ శీర్షిక రాసినవారిలో నేనూ ఉన్నాను. ఊళ్ల పేర్లు, జనం పేర్లు, జంతువుల పేర్లు రోగాలకు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినప్పుడు నాకు గుర్తుకొచ్చినది ఆ బస్తీయే. మీరు రాసేటప్పుడు "ఫలానా వీధి పైపు" అనండి. ఫలానా వారి ఇల్లు, ఫలానా షెడ్లు అనకండి. ప్రమాదం ఎక్కడుందో చెప్పడం అవసరం, ఎవరికి జబ్బు చేసిందో చెప్పడం అనవసరం.


ప్రశ్న అడిగినవారి స్పందన
కాలనీ కార్యదర్శి, మల్కాజిగిరి (శుక్రవారం, రాత్రి 8.10)

మీ అందరికీ ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. మంగళవారం రాత్రి 10.50కే సందేశం పంపాను. బుధవారం ఉదయం డాక్టరు గారు చెప్పినట్టు వరుస మార్చి మళ్లీ పంపాను. మొదట తిట్లు వచ్చాయి, తరువాత ప్రశ్నలు వచ్చాయి, రాత్రికి ఇద్దరు యువకులు ఓఆర్‌ఎస్ పంచడానికి ముందుకు వచ్చారు.

బుధవారం సాయంత్రం ఫలితం వచ్చింది. నీళ్లు తాగడానికి పనికిరావు. రెండో వీధి మలుపులో తవ్వితే మురుగు లైను పక్కనే మంచినీటి పైపు చిల్లుపడి ఉంది. బాగుచేశారు. సంపులు కడిగించే పని ఇంకా 40 ఇళ్లలో మిగిలి ఉంది. పైపు బాగైనా సంపులో పాత నీళ్లే ఉన్నాయన్న సంగతి చాలామందికి తట్టలేదు, నాకూ తట్టలేదు. దాని గురించి ఈ రోజు వేరుగా రాశాను. పెద్దావిడ ఇంటికి వచ్చేశారు.

అంబర్‌పేట చెల్లెమ్మ అడిగిన ప్రశ్నకు తలవంచుకుని సమాధానం చెబుతున్నాను. షెడ్లకు వెళ్లి చూస్తే నలుగురు పిల్లలకు శనివారం రాత్రి నుండే విరేచనాలు. మా 17లో వాళ్లు లేరు. వాళ్లూ మన నల్లా నీళ్లే తాగారు. రోగం వాళ్ల నుండి మనకు రాలేదు, ఇద్దరికీ ఒకే పైపు నుండి వచ్చింది. గురువారం ఉదయం 8 గంటల సందేశంలో సంఖ్యను 21గా సరిదిద్ది, ఎందుకు పెరిగిందో రాశాను. ఏఎన్ఎం వచ్చి ఆ పిల్లలను చూసింది. నల్లా దగ్గర ఇప్పుడు ఎవరూ అడ్డుపడటం లేదు. కిరాణా కొట్టాయన మాత్రం ఇంకా ముభావంగానే ఉన్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. ఆదివారం ఆలస్యం చేసినందుకు క్షమాపణను నేను ఒక్కడినే, నా పేరుతో రాయాలా, కార్యవర్గం పేరుతో రాయాలా? మా పెద్దాయన, అది రాస్తే రేపు ఎవరైనా కేసు వేస్తారంటున్నారు.


సమాధానం 5
విశ్రాంత ఆరోగ్య బోధకుడు, నల్లకుంట (శుక్రవారం, రాత్రి 9.05)

నిర్ణయం కార్యవర్గానిది కనుక కార్యవర్గం పేరుతోనే రాయండి. మీ ప్రతిపాదన వేరు అన్న సంగతి అందులో ప్రస్తావించకండి. "పొరపాటు జరిగి ఉంటే" అని రాయకండి; జరిగింది. ఆదివారం ఏం తెలిసింది, ఏం తీర్మానించారు, సోమవారం ఏం చేశారు, మంగళవారం రాత్రి 10.50 వరకు ఎందుకు చెప్పలేదు అన్నది తేదీలతో సహా నాలుగు వాక్యాల్లో రాయండి. ఇకపై ఒకే వీధిలో 24 గంటల్లో ముగ్గురికి ఇలా జరిగితే ఫలితం కోసం ఆగకుండా రెండు గంటల్లో చెబుతామని ఐదో వాక్యం రాసి, సంఘం నోటీసు బోర్డు మీద అతికించండి. పెద్దాయన చేత కూడా సంతకం చేయించండి. గ్రూపులో పెట్టకముందే ఆ కాగితం పట్టుకుని మూడో వీధిలోని ఆ ఇంటికి వెళ్లి, ఆ అబ్బాయికి, వీలైతే ఆమెకు చదివి వినిపించి రండి. షెడ్లకు కూడా ఒక ప్రతి, వాళ్ల భాషలో.